చెరువు మ్యాపును చేతి జీపీఎస్‌లోకి ఎక్కించుకోవడం ఎలా

కంప్యూటర్‌లో గీసుకున్న మ్యాపు పొరలను (హద్దులు, కాలువలు, బిందువులు ఒక్కోటీ ఒక్కో పొర) చేతిలో పట్టుకునే జీపీఎస్‌లోకి ఎలా పంపాలని అడిగేవాళ్లు మొదట వేసే ప్రశ్న ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? నా మట్టుకు అది ఆఖరి ప్రశ్న. ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చడం రెండు నిమిషాల్లో తెమిలిపోతుంది. ఏవి పంపాలి, ఏవి వదిలేయాలి, పంపేవాటికి ఏం పేరు పెట్టాలి అన్నది తేల్చుకోవడానికే అసలు సమయం పడుతుంది. ఆ భాగం వదిలేసి నేరుగా బటన్ నొక్కితే ఎండలో కట్ట మీద నిలబడి, తెర నిండా అల్లుకుపోయిన గీతలను చూస్తూ తల పట్టుకోవాల్సి వస్తుంది.

నేను నెల్లూరులో ఉంటూ ప్రైవేటు సర్వే పనులు చేస్తాను. చెరువు కట్టలు, పంట కాలువలు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు, అప్పుడప్పుడు చీమకుర్తి దగ్గర క్వారీల పని. చేతిలో గార్మిన్ కంపెనీ జీపీఎస్ ఈట్రెక్స్ 20 ఉంటుంది. ఫోను ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. మే నెలలో ఉదయగిరి వైపు మధ్యాహ్నం దాకా తిరిగి చూడండి. ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది, చార్జింగ్ సగానికి పడిపోతుంది. ఈ పరికరం తెర ఎండ పడేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. నడవడానికి రెండు పెన్సిల్ బ్యాటరీలు చాలు, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఫోనే చాలనుకునేవాళ్లకు కూడా ఇక్కడ చెప్పే జీపీఎక్స్ ఫైలే (జీపీఎస్ పరికరాలు చదివే బిందువుల, గీతల ఫైలు) పనికొస్తుంది. ఆస్మ్‌యాండ్ లాంటి యాప్‌లు దాన్ని నేరుగా తెరుస్తాయి.

ఉదాహరణకు ఒక చెరువు సర్వే తీసుకుందాం. కంప్యూటర్‌లో మన దగ్గర పూర్తి నీటిమట్టం హద్దు ఉంటుంది, కట్ట ఉంటుంది, తూములు, కలుజు (నిండిన నీరు పొర్లిపోయే చోటు), వాగులు, పంట కాలువలు, ఆయకట్టు కింద సర్వే నంబర్లు, వెనుక ఉపగ్రహ చిత్రం ఉంటాయి. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ రంగురంగులుగా ఎంతో ముచ్చటగా కనిపిస్తాయి. పొలంలోకి వెళ్లేటప్పుడు నాకు కావలసినవి మాత్రం మూడే: హద్దు గీత, కాలువల గీతలు, వెళ్లి చూడాల్సిన బిందువులు. ఆయకట్టు మొత్తం వద్దు. ఆ రోజు వివాదం ఏ నంబర్ల మీద ఉందో వాటిని మాత్రమే ఎంచుకుని వేరే పొరగా దాచుకుంటాను.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. చేతి జీపీఎస్ ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది, చెట్ల కింద ఆ తేడా ఇంకా పెరుగుతుంది. తూము ఎక్కడుందో వెతకడానికి, కాలువ వెంట నడవడానికి అది ధారాళంగా సరిపోతుంది. అంకణాల లెక్కన స్థలాలు కొనే నెల్లూరులో దీన్ని పట్టుకుని ఇంటి హద్దు తేలుస్తానని ఎవరైనా బయలుదేరితే మాత్రం, గొడవ తీర్చడం అటుంచి కొత్త గొడవ తెచ్చిపెడతారు.

నిర్దేశాంకాలు

మీకు షేప్ ఫైలు (మ్యాపు పొరను దాచుకునే ఫైళ్ల కట్ట) ఎవరైనా పంపితే ముందు ఫైళ్లు లెక్కపెట్టండి. వాట్సాప్‌లో డాట్ ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపి "మ్యాపు పంపించాం మేడమ్" అనేవాళ్లు కోకొల్లలు. దాని పక్కన ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే కూడా ఉండాలి. తాళం తెచ్చి చెవి ఇంట్లో వదిలి వచ్చినట్టుంటుంది ఈ వ్యవహారం. డీబీఎఫ్ లేకపోతే పేర్లు ఉండవు, పీఆర్‌జే లేకపోతే ఆ అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో తెలియదు. అన్నీ కలిపి జిప్ చేసి పంపమని నేను మొహమాటం లేకుండా తిప్పి పంపుతాను.

జీపీఎక్స్ ఫైలులో నిర్దేశాంకాలు, అంటే స్థానాన్ని చెప్పే అంకెలు, ఎప్పుడూ డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే భూమి లెక్క) అక్షాంశ రేఖాంశాల్లోనే, దశాంశ డిగ్రీల్లోనే ఉండాలి. క్యూజీఐఎస్‌లో దీని నంబరు ఈపీఎస్‌జీ 4326. మనం కంప్యూటర్‌లో వాడే పొరలు చాలావరకు యూటీఎం (స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) 44 ఉత్తర మండలంలో, అంటే ఈపీఎస్‌జీ 32644లో ఉంటాయి. ఆ మండలం 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల దాకా కాబట్టి నెల్లూరు, ఒంగోలు వైపు పనులకు ఇదొక్కటే చాలు. ఏది ఏదో చూడగానే తెలిసిపోతుంది. నెల్లూరు దగ్గర బిందువుకు యూటీఎంలో తూర్పు విలువ 3,92,000 ప్రాంతంలో, ఉత్తరపు విలువ 15,97,000 ప్రాంతంలో ఉంటుంది. డిగ్రీల్లో అయితే 14.4, 79.9 అని చిన్న అంకెలు.

మార్చేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పొర మీద కుడి క్లిక్ చేసి "సెట్ లేయర్ సీఆర్‌ఎస్" (సీఆర్‌ఎస్ అంటే నిర్దేశాంకాల పద్ధతి) కింద 4326 ఎంచుకుంటే అంకెలు మారవు, వాటి మీద చీటీ మాత్రమే మారుతుంది. మూడు లక్షల తొంభై రెండు వేల డిగ్రీల రేఖాంశం భూమ్మీద ఎక్కడా లేదు కాబట్టి పొర మాయమైపోతుంది. అంకెలు నిజంగా మారాలంటే ప్రాసెసింగ్ టూల్స్‌లో "రీప్రాజెక్ట్ లేయర్" వాడాలి. లేదా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడిగే సీఆర్‌ఎస్ గడిలో 4326 పెట్టాలి.

ఎక్సెల్ పట్టీ నుంచి బిందువులు తెచ్చుకునేవాళ్లు ఎక్స్ గడిలో రేఖాంశం, వై గడిలో అక్షాంశం పెట్టాలి. తారుమారైతే మన నెల్లూరు నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల పక్కన తేలుతుంది. పరికరం దానికి ఏ అభ్యంతరమూ చెప్పదు. దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల దూరం చూపించి, వెళ్దాం పదమంటుంది.

పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ల నుంచి గీసుకున్న పొరలతో ఇంకో చిక్కు. 80 డిగ్రీల రేఖాంశం నెల్లూరును దాదాపు తాకుతూ పోతుంది. దానికి పడమటి షీట్లు 57వ వరుస, తూర్పువి 66వ వరుస. ఇవి పాత ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాత అంచనా) లెక్కన గీసినవి. వాటి మీది అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్ 84 అనుకుని వాడేస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతాయి. కాలువ గట్టు మీద నిలబడితే పరికరం మనల్ని పొలం మధ్యలో చూపిస్తుంది. 2005 నాటి జాతీయ మ్యాపు విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉన్నాయి, వాటితో ఈ ఇబ్బంది లేదు.

ఆకారాలను విడగొట్టడం

జీపీఎక్స్‌కు తెలిసిన ఆకారాలు మూడే. వేపాయింటు అంటే ఒక బిందువు. ట్రాక్ అంటే నడిచిన దారి లాంటి గీత. రూట్ అంటే ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి దారి చూపించే వరుస. బహుభుజి అన్నది అందులో లేదు. అంటే చెరువు విస్తీర్ణాన్ని నీలం రంగు నింపి పంపడం కుదరదు, దాని అంచును గీతగా మార్చాలి. "పాలిగాన్స్ టు లైన్స్" అనే టూల్ ఆ పని చేస్తుంది. ఆ వెంటనే "మల్టీపార్ట్ టు సింగిల్‌పార్ట్స్" కూడా నడపండి. మధ్యలో దిబ్బ ఉన్న చెరువుకు దిబ్బ అంచు వేరే గీతగా విడిపోయి, పేరు పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

తర్వాత గీతను పలచబరచాలి. ఉపగ్రహ చిత్రం మీద నుంచి గీసిన హద్దుల్లో మీటరుకో మలుపు ఉంటుంది. ఈట్రెక్స్ 20లో 2,000 వేపాయింట్లు, 200 దాచిన ట్రాకులు, ట్రాక్ లాగ్‌కు 10,000 బిందువులు పడతాయి. పాత మోడళ్లలో ఇంకా తక్కువ. చోటు ఉన్నా సరే, బిందువులు ఎక్కువైతే తెర మీద మ్యాపు జరపగానే పరికరం ఆలోచనలో పడిపోతుంది. "సింప్లిఫై" టూల్‌లో ఐదు మీటర్ల సడలింపు ఇస్తే గీత ఆకారం చెడకుండానే బిందువులు బాగా తగ్గుతాయి. పరికరం ఖచ్చితత్వమే ఐదు మీటర్లయినప్పుడు అంతకంటే సన్నటి మలుపులు మోసుకెళ్లి చేసేదేమీ లేదు.

ఈ పలచబరచడం యూటీఎంలో ఉండగానే చేయాలి, డిగ్రీల్లోకి మార్చాక చేయకూడదు. డిగ్రీల పొరకు 5 అని ఇస్తే అది ఐదు డిగ్రీలుగా, అంటే ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకుగా అర్థం చేసుకుని చెరువును నామరూపాల్లేకుండా నలిపేస్తుంది. అందుకే నా వరుస ఇది: ముందు గీతలుగా మార్చడం, తర్వాత పలచబరచడం, ఆఖరున 4326.

పేర్లు

ఈట్రెక్స్ లాంటి పరికరాలకు తెలుగు లిపి రాదు. క్యూజీఐఎస్‌లో ఎంత అందంగా తెలుగులో రాసుకున్నా అక్కడ ఖాళీ గడులో, అర్థంలేని గుర్తులో కనిపిస్తాయి. మా చైన్‌మన్ (కొలత గొలుసు పట్టే సహాయకుడు) మామ మొదటిసారి ఆ తెర చూసి, "అమ్మాయ్, ఈ డబ్బాలేమిటి? తూము ఎక్కడ?" అన్నాడు. "ఆ డబ్బాలే తూములు మామా" అంటే, "అయితే నాకు తెలిసిన తూము దగ్గరికే పోదాం పద" అని చరచరా నడిచి వెళ్లిపోయాడు.

కాబట్టి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా ఉండాలి. తూముకు టీఎం, కలుజుకు కేఎల్, సర్వే రాయికి ఎస్ఆర్, కాలువ మళ్లింపుకు ఎంఎల్ అని పెట్టుకుని పక్కన రెండంకెల నంబరు ఇస్తాను. 1, 2 అని కాకుండా 01, 02 అని ఇవ్వండి, లేకపోతే పరికరం జాబితాలో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. రెండు చెరువులకు ఒకే రోజు వెళ్తుంటే ఊరి పేరు మొదటి రెండు అక్షరాలు ముందు తగిలించండి. ఒకే పేరుతో రెండు బిందువులు ఉంటే తెర మీద ఏది ఏదో తేల్చుకోలేం.

లక్షణాల పట్టికలో ఈ పేరుండే నిలువు వరుసకు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో "నేమ్" (name) అనే పెట్టాలి. వివరం ఉంటే "డెస్క్" (desc) అనే వరుసలో, గుర్తు మార్చాలంటే "సిమ్" (sym) అనే వరుసలో రాయాలి. గుర్తు పేరు గార్మిన్ వాడే స్పెల్లింగ్‌తోనే ఉండాలి. తూములకు నేను నీలి జెండా, అంటే "ఫ్లాగ్, బ్లూ" (Flag, Blue) వాడతాను. మధ్యలోని కామా పోయినా గుర్తుపట్టక తనకు నచ్చిన మామూలు గుర్తు వేసేస్తుంది. ఈ మూడు తప్ప మిగిలిన వరుసలన్నీ తీసేయండి. పట్టాదారు పేరు, విస్తీర్ణం, శిస్తు లాంటివి ఉంచేస్తే జీపీఎక్స్ ఒప్పుకోదు, ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతుంది. "జీపీఎక్స్ యూజ్ ఎక్స్‌టెన్షన్స్" అనే ఆప్షన్‌కు ఎస్ ఇస్తే ఒప్పుకుంటుంది గానీ, ఆ అదనపు వివరాలను పరికరం చూపించదు. చూపించనివాటికి చోటు ఎందుకు?

ఎక్స్‌పోర్ట్

పొర మీద కుడి క్లిక్, ఎక్స్‌పోర్ట్, "సేవ్ ఫీచర్స్ యాజ్". ఫార్మాట్ జీపీఎక్స్, సీఆర్‌ఎస్ 4326. బిందువుల పొర దానంతట అదే వేపాయింట్లుగా వెళ్తుంది. గీతల పొర దగ్గర ఒక్క క్షణం ఆగి, లేయర్ ఆప్షన్లలో "ఫోర్స్ జీపీఎక్స్ ట్రాక్" అన్నదానికి ఎస్ పెట్టండి. పెట్టకపోతే మామూలు గీతలు రూట్లుగా వెళ్తాయి. చెరువు హద్దు రూటుగా వెళ్లిందంటే పరికరం దాని ప్రతి మలుపునూ ఒక మజిలీగా లెక్కేసి అటు తిరుగు, ఇటు తిరుగు అని ప్రాణం తీస్తుంది. పైగా రూటుకు 250 బిందువుల పరిమితి ఉంది. ట్రాక్ అయితే గీత గీతలాగే కనిపిస్తుంది.

ఫైలు తయారయ్యాక నోట్‌ప్యాడ్‌లో ఒకసారి తెరిచి చూడటం నా అలవాటు. జీపీఎక్స్ అంటే ఉత్త అక్షరాల ఫైలే, చదువుకోవచ్చు. లాట్ దగ్గర నెల్లూరు అయితే 14తో, ఒంగోలు అయితే 15తో మొదలయ్యే అంకె, లాన్ దగ్గర 79 లేదా 80 కనిపించాలి. అవి కనిపించాయంటే నిశ్చింతగా ముందుకు పోవచ్చు.

క్యూజీఐఎస్ రానివాళ్లు గూగుల్ ఎర్త్‌లో గీసుకుని దాని కేఎంఎల్ ఫైలుగా దాచుకుని, జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో జీపీఎక్స్‌గా మార్చుకోవచ్చు. గీసేటప్పుడు పాలిగాన్ కాకుండా పాత్ వాడండి. బిందువుల సంఖ్య తగ్గించే సింప్లిఫై ఫిల్టర్ అందులోనూ ఉంది. విండోస్ వాడేవాళ్లకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ ఉచితంగా ఇచ్చే డీఎన్‌ఆర్‌జీపీఎస్ ఇంకో దారి.

పరికరంలోకి

కేబుల్ పెట్టగానే పరికరం ఒక డిస్కులాగా కనిపిస్తుంది. అందులో గార్మిన్ ఫోల్డర్, దాని లోపల జీపీఎక్స్ ఫోల్డర్. ఫైలు అక్కడ వేస్తే పని అయిపోయింది. వేపాయింట్లు మ్యాపు మీద వెంటనే కనిపిస్తాయి. ట్రాకులు మాత్రం కనిపించవు, ఫైలు పోయిందేమో అని కంగారు పడతారు. ట్రాక్ మేనేజర్‌లోకి వెళ్లి ఒక్కో ట్రాకునూ తెరిచి "షో ఆన్ మ్యాప్" నొక్కాలి. అక్కడే రంగు కూడా మార్చుకోవచ్చు. హద్దుకు ఎరుపు, కాలువలకు నీలం పెడితే కట్ట మీద కళ్లు చికిలించే బాధ తగ్గుతుంది. ఈ పని గదిలో కూర్చునే చేసుకోండి.

సెటప్‌లో పొజిషన్ ఫార్మాట్ కింద డేటమ్ (ఏ భూమి లెక్క వాడాలన్నది) డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో చూసుకోండి. ఎవరో పాత టోపో షీటుతో సరిచూడటానికి ఇండియన్ డేటమ్‌కు మార్చి వదిలేసిన పరికరాలు చేతికి వస్తుంటాయి. మీరు ఎక్కించిన గీతలు అప్పుడూ సరైన చోటే ఉంటాయి, తెర మీద చూసి పుస్తకంలో రాసుకునే అంకెలు మాత్రం తప్పవుతాయి.

గ్రామ పటం వెనుక పరుచుకోవాలంటే

కొన్ని పనులకు గీతలు చాలవు. స్కాన్ చేసిన గ్రామ పటమో, ఉపగ్రహ చిత్రమో వెనుక ఉండాలి. గార్మిన్‌లో దీన్ని కస్టమ్ మ్యాప్స్ అంటారు, ఫైలు కేఎంజెడ్ (చిత్రాలతో సహా జిప్ చేసిన కేఎంఎల్) రూపంలో ఉండాలి. ఈట్రెక్స్ 20 దీన్ని తీసుకుంటుంది, ఈట్రెక్స్ 10 తీసుకోదు. కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

పటాన్ని క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్స్ చేశాక (భూమి మీది స్థానానికి సరిపోయేలా అమర్చాక), గార్మిన్‌కస్టమ్‌మ్యాప్ అనే ప్లగిన్ దాన్ని ముక్కలుగా కోసి కేఎంజెడ్ చేస్తుంది. ఒక్కో ముక్క 1024 పిక్సెళ్ల చదరం దాటకూడదు, చిత్రాలు జేపీజీ అయి ఉండాలి, పరికరం మొత్తం మీద ఇలాంటి ముక్కలు వంద వరకే పడతాయి. అందుకే మండలం మొత్తాన్ని ఇలా పంపాలని చూడకండి. ఆ చెరువూ దాని చుట్టూ అర కిలోమీటరూ చాలు. డ్రా ఆర్డర్ 50 లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే పటం మిగతా మ్యాపుల పైన కనిపిస్తుంది. ఫైలును కస్టమ్‌మ్యాప్స్ ఫోల్డర్‌లో వేయాలి.

మండలం మొత్తం కావాలంటే

ఆయకట్టు హద్దులన్నీ, రంగు నింపిన చెరువులతో సహా మోసుకెళ్లాల్సి వస్తే గార్మిన్ సొంత మ్యాపు ఫార్మాట్ అయిన ఐఎంజీ తయారు చేయాలి. జావాతో నడిచే ఎమ్‌కేజీమ్యాప్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇందుకు ఉంది. అది షేప్ ఫైలును తీసుకోదు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత ప్రపంచ మ్యాపు) ఫార్మాట్‌ను తీసుకుంటుంది. కాబట్టి ముందు ఓజీఆర్2ఓఎస్ఎమ్ అనే ప్రోగ్రామ్‌తో మార్చుకోవాలి. ఆ దశలో చెరువుకు నీరు అనీ, కాలువకు కాలువ అనీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ట్యాగులు తగిలించాలి. ట్యాగు లేని గీతను ఎమ్‌కేజీమ్యాప్ మారుమాట లేకుండా పారేస్తుంది.

నడిపేటప్పుడు ట్రాన్స్‌పరెంట్ ఆప్షన్ ఇస్తే మన పొర గాజులా పైన పరుచుకుని, కింద ఉన్న రోడ్ల మ్యాపు కూడా కనిపిస్తుంది. వచ్చే ఫైలు పేరు జీమ్యాప్‌సప్ డాట్ ఐఎంజీ. దాన్ని మెమరీ కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్ చేసి అందులో వేయాలి. కార్డు బ్యాటరీల కింద దూరుతుంది.

దీనితో ఒక ఇబ్బంది ఉంది. ఐఎంజీ ఫార్మాట్ భూమి చుట్టుకొలతను 2 ఘాతం 24 ముక్కలుగా చేసి లెక్కపెడుతుంది, అంటే ఒక్కో ముక్క 2.4 మీటర్లు. మీ గీతల్లోని ప్రతి బిందువూ దగ్గరలోని ముక్కకు సర్దుకుంటుంది. పొలం గట్లు దగ్గరగా ఉన్నచోట రెండు గీతలు ఒకటైపోవడం, చిన్న గట్లు వంకరపోవడం కనిపిస్తే ఫైలు చెడిపోయిందని అనుకోకండి. వివాదంలో ఉన్న నంబర్లను మాత్రం పైన చెప్పినట్టు జీపీఎక్స్ ట్రాకులుగానూ ఎక్కించుకోండి.

తిరిగి వచ్చాక

నడిచిన దారి జీపీఎక్స్ ఫోల్డర్ లోపల కరెంట్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని క్యూజీఐఎస్ కిటికీలోకి లాగితే వేపాయింట్లు, ట్రాకులు, ట్రాక్ బిందువులు వేర్వేరు పొరలుగా అడుగుతుంది. నడిచిన వేళలు కావాలంటే ట్రాక్ బిందువులు తీసుకోండి, గీత చాలంటే ట్రాకులు. తీసుకున్న వెంటనే 32644లోకి మార్చి దాచుకుంటే పొడవులు మీటర్లలో వస్తాయి.

కేబుల్ తీసే ముందు కంప్యూటర్‌లో ఎజెక్ట్ నొక్కడం మరచిపోకండి. సగం రాసిన ఫైలుతో లాగేస్తే, తర్వాత ఆన్ చేసినప్పుడు పరికరం మ్యాపులు లోడ్ చేస్తున్నానంటూ అక్కడే ఆగిపోవచ్చు. ఆగిందని దుకాణానికి పరుగెత్తవద్దు. ముందు మెమరీ కార్డు తీసి ఆన్ చేసి చూడండి. అప్పటికీ లేవకపోతే మళ్లీ కంప్యూటర్‌కు తగిలించి చివరగా వేసిన ఫైలును తీసేయండి. చాలాసార్లు అంతటితో మామూలుగా లేస్తుంది. ఆ ఫైలును మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి వేసుకోవచ్చు.